శివారు యూనిట్‌కీ నీళ్ళందాలి

2022 వానాకాలం మొదట్లో నా బీటెక్ మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి. నాన్న ఆకుమడికి నీళ్ళు పెడుతున్నారు. నేను గట్టు మీద నిలబడి ఫోన్లో హాల్ టికెట్ నంబరు కొట్టి చూసుకున్నాను. మ్యాథ్స్ పోయింది. మిగతావి ఏదోలా గట్టెక్కాయి. ఎస్‌జీపీఏ, అంటే ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు, పదికి 5.4. పదో తరగతి దాకా ఊళ్ళో బడిలో ఫస్టు వచ్చిన పిల్లని. ఆ అంకె చూసి కాళ్ళలో సత్తువ పోయినట్టయింది.

చదవలేదా అంటే చదివాను. పరీక్షల ముందు పది రోజులు రోజుకి తొమ్మిది గంటలు కూర్చున్నాను. నాన్నకి అదే చెప్పాను. ఆయన చదివింది ఏడో తరగతి. ఎన్ని గంటలు చదివావని అడగలేదు. "ఎక్కడి దాకా వెళ్ళింది?" అన్నారు. సబ్జెక్టుకి అయిదు యూనిట్లలో నాలుగోది సగం దాకా వెళ్ళింది, అయిదోది చూడ్డానికి టైమ్ చాల్లేదు అన్నాను. "అయితే శివారు ఎండిపోయిందమ్మా" అన్నారు.

మాది కోనసీమలో ఉప్పలగుప్తం మండలం. ధవళేశ్వరం దగ్గర వదిలిన గోదావరి నీళ్ళు మధ్య డెల్టా కాలువల్లో వచ్చి వచ్చి చివరికి మా చేలకి చేరాలి. మావి శివారు భూములు, అంటే కాలువ చివర ఉన్నవి. పైన నీళ్ళు పుష్కలంగా పారుతున్నట్టే కనిపిస్తుంది కానీ మా బోదెలోకి, అంటే చేలకి నీళ్ళు పారే చిన్న కాలువలోకి, వచ్చేసరికి అడుగు తడుస్తుంది, అంతే. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువైతే వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలువకి, ఇన్ని రోజులు ఆ కాలువకి అని. వంతులు సరిగ్గా నడిచిన ఏడాది శివారుకి కూడా నీళ్ళందుతాయి. నడవకపోతే కాలువ మొదట్లో చేలు మునుగుతాయి, చివరి చేలు బీటలు తీస్తాయి.

నేను చదివిన తీరు అచ్చం అదే. ప్రతి సబ్జెక్టులో మొదటి యూనిట్ నాలుగు సార్లు చదివాను. ఎందుకంటే ఎప్పుడు పుస్తకం తీసినా మొదటి పేజీ నుంచే మొదలుపెట్టేదాన్ని. అయిదో యూనిట్ ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు. ఆ రోజు నుంచి సివిల్ ఇంజినీరింగ్ పూర్తయ్యే దాకా నేను మార్చుకున్నది ముఖ్యంగా రెండే: చదువుని వంతుల్లోకి మార్చాను, చదివింది పుస్తకం మూసి బయటికి తీయడం నేర్చుకున్నాను. ఆఖరి సెమిస్టర్‌లో 8.9 వచ్చింది. ఇప్పుడు మా చుట్టాల పిల్లలు, జూనియర్లు అడుగుతుంటే ఒక్కొక్కరికీ చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మార్కుల లెక్క

మొదట మీ రెగ్యులేషన్ కాగితం, అంటే మార్కులు, పాస్ నియమాలు ఉండేది, సంపాదించండి. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది, కాలేజీ ఆఫీసులో కూడా ఇస్తారు. సినిమా టికెట్ కొనేటప్పుడు సీటు ఎక్కడుందో చూసుకుంటాం. నాలుగేళ్ళ చదువులో మార్కులు ఎక్కడున్నాయో చూసుకోకుండానే చాలామంది రెండో ఏడాదికి వచ్చేస్తారు. నేనూ అలాగే వచ్చాను.

నాది జేఎన్‌టీయూ కాకినాడ ఆర్20 రెగ్యులేషన్. థియరీ సబ్జెక్టుకి ఇంటర్నల్ (కాలేజీలో వేసే మార్కులు) 30, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి యూనివర్సిటీ పరీక్ష) 70. ఎక్స్‌టర్నల్ పేపర్లో అయిదు యూనిట్లు. యూనిట్‌కి రెండు ప్రశ్నలు ఇస్తారు, ఒకటి రాయాలి, దానికి 14 మార్కులు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. పాసవడానికి ఎక్స్‌టర్నల్‌లో 35 శాతం, మొత్తం మీద 40 రావాలి. ఆ లెక్కన మూడు యూనిట్లు బాగా చదివినా పాసైపోవచ్చు. సీనియర్లు చెప్పే సలహా కూడా ఇదే. కానీ ఒక యూనిట్ వదిలేసిన క్షణమే మీ పేపరు 70కి కాకుండా 56కి అయిపోతుంది. పాసవడానికి వేసుకున్న ప్లానుతో మంచి గ్రేడు రాదు. ఈ రెండూ వేరు వేరు ప్రయాణాలు. సెమిస్టర్ మొదట్లోనే ఏ బస్సు ఎక్కుతున్నారో తేల్చుకోండి.

ఇంటర్నల్స్‌ని కూడా తక్కువ చూడకండి. మాకు సెమిస్టర్ నడుస్తుండగా రెండు మిడ్‌లు, అంటే కాలేజీ పరీక్షలు. ఎందులో ఎక్కువ వస్తే దానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క. మొదటి మిడ్‌లో 12 వచ్చి, రెండో మిడ్‌లో 26 వస్తే చివరికి 23.2. అంటే మొదటి మిడ్ పాడైతే అంతా అయిపోయినట్టు కాదు. రెండోది బాగా రాస్తే చాలావరకు కోలుకోవచ్చు. ఈ లెక్క తెలియక మొదటి మిడ్ తర్వాత చేతులెత్తేసిన వాళ్ళని చూశాను. 30లో 5 మార్కులు అసైన్‌మెంట్‌వి. అవి టైమ్‌కి ఇస్తే వచ్చేవే.

మా గ్రేడ్ల స్కేల్లో 70 వస్తే 8 పాయింట్లు, 80 వస్తే 9. అంటే 79కీ 80కీ మధ్య ఒక పూర్తి పాయింటు తేడా. ఆ సబ్జెక్టుకి 3 క్రెడిట్లు (సగటులో దాని బరువు), సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లు అనుకుంటే ఆ ఒక్క మార్కుతో ఎస్‌జీపీఏ 0.15 మారుతుంది. మీ పాత ఫలితాలు తీసి ఏ సబ్జెక్టులో గీత దగ్గర ఆగిపోయారో చూడండి. నావి చూస్తే మూడు సబ్జెక్టులు గీతకి నాలుగు మార్కుల లోపే ఆగాయి.

తెల్ల కాగితం

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

మొదటి సెమిస్టర్‌లో నా నోట్సు నిండా పసుపు రంగు హైలైటర్. ఒక పేజీ మూడోసారి చదివేటప్పుడు "ఇది నాకు వచ్చు" అనిపిస్తుంది. అది రావడం కాదు, చూసిన మొహం కాబట్టి గుర్తుపట్టడం. అమలాపురం బస్టాండులో రోజూ కనిపించే మనిషిని గుర్తుపడతాం, కానీ పేరు అడిగితే చెప్పలేం. పరీక్షలో అడిగేది పేరే.

అందుకని ఇలా చేయండి. ఆ రోజు క్లాసులో చెప్పింది సాయంత్రం ఒకసారి చదవండి. ఇరవై నిమిషాలు చాలు. పుస్తకం మూసేసి అవతల పెట్టండి. ఒక తెల్ల కాగితం తీసుకుని గుర్తున్నదంతా రాయండి. నిర్వచనం, బొమ్మ, సూత్రం, స్టెప్పులు, ఏది వస్తే అది. వరస అక్కర్లేదు. ఆగిపోయిన చోట వెంటనే పుస్తకం తెరవకండి. రెండు నిమిషాలు బుర్రకి పని చెప్పండి. ఆ ఇబ్బంది పడే రెండు నిమిషాల్లోనే అసలు చదువు జరుగుతుంది. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద చేర్చండి. ఎర్రగా ఉన్నదే రేపు చదవాల్సింది. నల్లగా ఉన్నది మళ్ళీ చదవనక్కర్లేదు. టైమ్ మిగిలేది ఇక్కడే.

మొదటి వారం బాధగా ఉంటుంది. నాకు పేజీలో నాలుగు లైన్లు కూడా వచ్చేవి కావు, ఏడుపొచ్చేది. దాన్ని బట్టి మీకు బుర్ర లేదనుకోకండి. ఇన్నాళ్ళూ లోపల ఎంత నిలిచిందో ఎవరూ కొలవలేదు, మీరు ఇప్పుడే మొదటిసారి కొలుస్తున్నారు.

ఇది నా సొంత నమ్మకం మాత్రమే కాదు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో అమెరికాలో కాలేజీ విద్యార్థుల మీద దీన్ని పరీక్షించారు. కొందరు ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివారు. కొందరు చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత అడిగితే తలకిందులైంది, రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష హాలు బయట నిలబడి చివరి నిమిషం దాకా చదివితే బాగానే వచ్చినట్టు ఎందుకనిపిస్తుందో, లోపలికి వెళ్ళి కూర్చుని గంట గడిచేసరికి ఎందుకు జారిపోతుందో నాకు దీంతో అర్థమైంది. 2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయన తోటివాళ్ళు పది రకాల చదివే పద్ధతులని పరిశీలించారు. అందులో తమని తాము పరీక్షించుకోవడం, చదువుని రోజుల మీద విడదీసుకోవడం అన్నిటికన్నా పైన నిలిచాయి. గీతలు గీయడం, మళ్ళీ మళ్ళీ చదవడం అడుగున ఉన్నాయి. నేను తొమ్మిదేసి గంటలు చేసింది ఆ అడుగున ఉన్న రెండే.

వంతులు

ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని, నేర్చుకున్నది మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా మర్చిపోతామని, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందని చూపించారు. అందుకే మొదటి వంతు దగ్గరగా ఉండాలి, తర్వాత వంతులు దూరం పెరుగుతూ పోవాలి.

నా వంతులివి: క్లాసు జరిగిన సాయంత్రం, మూడో రోజు, వారానికి, మూడు వారాలకి. ప్రతి వంతులోనూ మళ్ళీ తెల్ల కాగితమే. మొదటిసారి నలభై నిమిషాలు పడితే మూడో రోజున పదిహేను, వారానికి పది, మూడు వారాలకి అయిదారు నిమిషాలు సరిపోతాయి. ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన క్యాలెండర్ ఒకటి గోడకి తగిలించి తేదీల గళ్ళలోనే రాసుకునేదాన్ని. ఫ్లూయిడ్ మెకానిక్స్ రెండో యూనిట్ పాఠం ఈ రోజు జరిగితే, ఇవాళ, ఎల్లుండి, వచ్చే వారం, ఆ పై మూడో వారం గళ్ళలో "ఫ్లూ.2" అని పడేది. యాప్‌లు కూడా ఉన్నాయి, వాడుకునేవాళ్ళు వాడుకోండి. నాకు మాత్రం ఫోన్ తీస్తే చదువు మీద ఉండబుద్ధి కాదు. గోడ మీద క్యాలెండర్‌కి ఆ గొడవ లేదు. పైగా అమ్మ కూడా చూసి "ఇవాళ ఫ్లూ రెండా?" అని అడిగేది.

వంతు తప్పితే ఏం చేయాలని అందరూ అడుగుతారు. తప్పుతుంది. సంక్రాంతికి మూడు రోజులు పుస్తకం ముట్టుకోం. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం వదిలేసి ఎవరూ చదవరు, చదవమని నేనూ చెప్పను. తప్పిన వంతులన్నీ ఒకే రోజు పూడ్చాలని చూడకండి. అలా చూస్తే ఆ రోజు తొమ్మిది గంటలవుతుంది, మళ్ళీ పాత తోవలోకే పోతారు. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా బలహీనంగా ఉన్నది చూసి రెండు ఎంచుకోండి. మిగతావి ఆ వారంలో సర్దుకుంటాయి.

ఇంకో నియమం పెట్టుకున్నాను, ఇది నాన్న మాట వల్లే వచ్చింది. వారంలో ఒక రోజు శివారు నుంచి మొదలుపెట్టాలి. నాకు ఆదివారం. పుస్తకం చివరి నుంచి తెరిచేదాన్ని. అయిదో యూనిట్ క్లాసులో ఇంకా చెప్పకపోయినా సరే, శీర్షికలు చదివి, ఒక ఉదాహరణ లెక్క చూసి, ఏం అర్థం కాలేదో రాసిపెట్టుకునేదాన్ని. సెమిస్టర్ చివర్లో సిలబస్ పూర్తి చేయాలన్న తొందరలో ఆ యూనిట్ క్లాసులో గబగబా అయిపోతుంది. అప్పటికి మీకు ఆ పేర్లు కొత్త కాకపోతే ఆ గబగబా చెప్పింది కూడా అందుతుంది.

నాన్న అడిగిన ప్రశ్న

మూడో ఏడాది ఇరిగేషన్ సబ్జెక్టులో డ్యూటీ, డెల్టా అని వస్తాయి. డెల్టా అంటే అక్కడ మన గోదావరి డెల్టా కాదు. పంట కాలం మొత్తంలో చేనుకి పెట్టిన నీళ్ళన్నీ ఒకేసారి నిలబెడితే ఎంత లోతు వస్తుందో ఆ లోతు. డ్యూటీ అంటే సెకనుకి ఒక క్యూబిక్ మీటరు చొప్పున పంట కాలమంతా వదిలిన నీళ్ళు ఎన్ని హెక్టార్లకి సరిపోతాయో ఆ విస్తీర్ణం. రెండిటికీ సంబంధం: డెల్టా సమానం 8.64 ఇంటూ రోజులు బై డ్యూటీ. సూత్రం నాకు నోటికి వచ్చు. లెక్కలు కూడా చేసేస్తున్నాను.

ఒక రాత్రి అన్నాలయ్యాక నాన్నకి చెప్పాను. 120 రోజుల పంట, డ్యూటీ 864 హెక్టార్లయితే చేను మీద మొత్తం 1.2 మీటర్ల నీళ్ళు పెట్టినట్టు అని. ఆయన శ్రద్ధగా విన్నారు. "సరే, ఆ ఎనిమిది పాయింట్ ఆరు నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

లోపలికి వెళ్ళి కాగితం మీద వేశాను. సెకనుకి ఒక క్యూబిక్ మీటరంటే రోజుకి 86,400 సెకన్లు కాబట్టి 86,400 క్యూబిక్ మీటర్లు. హెక్టారంటే 10,000 చదరపు మీటర్లు. ఆ నీళ్ళు ఒక్క హెక్టారు మీద పోస్తే 8.64 మీటర్ల లోతు. అంతే. ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ అంకె కాదు. ఆ తర్వాత ఆ సూత్రం నాకు గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేకుండా పోయింది. మర్చిపోయినా మళ్ళీ కట్టుకోగలను.

కాబట్టి చదివింది ఆ సబ్జెక్టు తెలియని మనిషికి చెప్పండి. తోటి విద్యార్థికి చెబితే సగం చెప్పగానే "తెలుసులే" అంటారు, మీరు మిగతా సగం దాటేస్తారు. నాన్న, అమ్మ, తాతగారు, పక్కింటి పిన్నిగారు, ఎవరైనా సరే, వాళ్ళు "ఎందుకు?" అని అడిగే చోట ఆగండి. జవాబు రాకపోతే అది ఎర్ర పెన్ను విషయం.

ఇందులో ఇంకో లాభం ఉంది, ముఖ్యంగా నాలాగా తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకి. నాకు మొదటి సెమిస్టర్ పోవడానికి సగం కారణం ఇంగ్లీషు. అర్థం కాని వాక్యాన్ని అర్థం కాకుండానే బట్టీ పట్టాను. పరీక్షలో ప్రశ్న కొంచెం తిప్పి అడిగేసరికి అది ఏ వాక్యానికి ప్రశ్నో కూడా తెలియలేదు. తర్వాత వరస మార్చాను. ముందు విషయం తెలుగులో నాకు నేను చెప్పుకోవడం, పక్కింటి మనిషికి చెప్పినట్టు. అది సాఫీగా వచ్చాక ఆ సబ్జెక్టులో తప్పనిసరిగా వాడాల్సిన ఇంగ్లీషు మాటలు పదో పదిహేనో విడిగా రాసుకోవడం. ఆ మాటలతో చిన్న చిన్న వాక్యాలు సొంతంగా కట్టడం. పెద్ద వాక్యాలు అక్కర్లేదు. ఒక విషయం, ఒక వాక్యం, పక్కన బొమ్మ. పేపరు దిద్దేవాళ్ళకి కావాల్సింది అదే. తెలుగులో ఆలోచించడం తప్పని మనకి ఎవరో చెప్పి ఉంటారు. వినకండి. అర్థమయ్యే భాషలోనే అర్థం చేసుకోవాలి.

బస్సులో గంటన్నర

రెండో ఏడాది నుంచి హాస్టల్ మానేసి ఇంటి నుంచే తిరిగాను. అమలాపురంలో బస్సెక్కి ముమ్మిడివరం, ఎదుర్లంక, వంతెన దాటితే యానాం, ఆ అవతల కాలేజీ. పోను రాను రోజుకి మూడు గంటలు. చాలామంది దీన్ని పోయిన టైమ్‌గా లెక్కేస్తారు. కూర్చోవడానికి సీటు దొరకని రోజు కూడా కళ్ళు మూసుకుని చేసే పని ఒకటి ఉంది, గుర్తు తెచ్చుకోవడం.

ముమ్మిడివరం దాకా నిన్నటి పాఠాలు ఒక్కొక్కటే పుస్తకం లేకుండా తలుచుకునేదాన్ని. ముమ్మిడివరం దాటాక నోట్సు తీసి, వదిలేసినవి చూసుకునేదాన్ని. ఎదుర్లంక వంతెన మీద మాత్రం ఏమీ చదవలేదు. కింద గోదావరి గౌతమి పాయ పారుతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. ఆ రెండు నిమిషాల విరామం నాకు అవసరం. తిరుగు ప్రయాణంలో అలసిపోయి ఉంటాం కాబట్టి కొత్తది వద్దు. ఆ రోజు క్లాసుల్లో ఏమేం జరిగాయో పీరియడ్ వరసలో ఒక్కో వాక్యం చెప్పుకుంటే చాలు. ఇంటికొచ్చి తెల్ల కాగితం ముందు కూర్చునేసరికి సగం పని అయిపోయి ఉంటుంది.

లెక్కల సబ్జెక్టులకి వేరే పద్ధతి

స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, స్ట్రక్చరల్ అనాలిసిస్, మ్యాథ్స్, ఇలాంటివి చదవడం కాదు, చేయడం. చేసిన లెక్క చూస్తే ప్రతి స్టెప్పూ న్యాయంగానే కనిపిస్తుంది. జవాబు మీద కాగితం కప్పి, ప్రశ్న మాత్రం చూసి, మొదటి స్టెప్పు ఏంటో రాయగలరా? అక్కడే తేలిపోతుంది. మొదటి స్టెప్పు రాకపోతే జవాబులోంచి ఒక్క లైను చూసి మళ్ళీ కప్పేయండి.

ఒకే రకం లెక్కలు పది వరసగా చేస్తే పదోది సులువుగా వస్తుంది. ఏ సూత్రం వాడాలో ముందే తెలుసు కదా. పరీక్షలో అది ఎవరూ చెప్పరు. అందుకని మూడు యూనిట్ల లెక్కలు చీటీల మీద రాసి, కలిపేసి, లాటరీ తీసినట్టు తీసి చేయండి. మా స్నేహితులం ముగ్గురం శనివారం ఇలా చేసేవాళ్ళం. గ్రూప్ స్టడీకి ముగ్గురు చాలు, నలుగురైతే కబుర్లవుతాయి.

తప్పుల పుస్తకం ఒకటి పెట్టుకోండి. ఎక్కడ తప్పు జరిగిందో ఒక లైను, ఎందుకు జరిగిందో ఒక లైను. నా పుస్తకంలో నలభై పేజీలయ్యేసరికి తెలిసింది, నా తప్పుల్లో ఎక్కువ భాగం కష్టమైన చోట కాదు, మిల్లీమీటర్లని మీటర్లలోకి మార్చే చోట. ఆ ఒక్కటి సరిచేసుకుంటే ప్రతి పేపర్లో నాలుగైదు మార్కులు నిలిచాయి.

సప్లీ ఉంటే

సప్లీ అంటే తప్పిన సబ్జెక్టు మళ్ళీ రాయడం. అలా పాసవ్వాల్సిన బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్ళు దాన్ని చివరికి నెడతారు, చూస్తే బాధ కాబట్టి. నేనూ ఒక సెమిస్టర్ నెట్టాను. అలా కాకుండా, కొత్త సెమిస్టర్ మొదలైన మొదటి నెలలోనే, క్లాసులు ఇంకా తేలిగ్గా ఉన్నప్పుడే, దానికి వారానికి మూడు వంతులు ఇవ్వండి. మొత్తం సబ్జెక్టు మళ్ళీ చదవకండి. పాత ప్రశ్నపత్రాలు అయిదు తీసుకుని, ఒక్కో యూనిట్ నుంచి ఏం అడుగుతున్నారో రాసి, తెల్ల కాగితంతో మీకేం వచ్చో కొలవండి. నాకు మ్యాథ్స్‌లో మూడు యూనిట్లు నిజంగానే వచ్చని, పోయింది రెండింటిలోనేనని అప్పుడే తెలిసింది. అంతకుముందు మొత్తం రాదనే అనుకునేదాన్ని. ఇంకో మాట, సప్లీ ఉన్న సంగతి ఇంట్లో చెప్పేయండి. దాచే టెన్షన్‌తో చదువు సాగదు.

అటెండెన్స్ 75 శాతం కింద పడకుండా చూసుకోండి. లెక్చరర్ని డౌట్ అడగడానికి భయమైతే "అర్థం కాలేదు సార్" అనకుండా, చేసిన లెక్క కాగితం చూపించి "ఇక్కడి దాకా వచ్చింది సార్, ఇక్కడ ఆగిపోయాను" అనండి. కాగితం తీసుకెళ్ళిన వాళ్ళని విసుక్కున్నవాళ్ళని నేను చూడలేదు.

పరీక్ష వారం

వాట్సాప్‌లో "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" అని ఒక పీడీఎఫ్ తిరుగుతుంది. చూడండి, కానీ దాన్నే నమ్ముకోకండి. అంతకన్నా పాత పేపర్లు మేలు. వాటిని చదవకండి, టైమ్ పెట్టుకుని రాయండి. కనీసం ప్రతి సబ్జెక్టుకీ ఒక్క పేపరైనా మూడు గంటలు కూర్చుని పూర్తిగా రాసి చూడండి. మూడు గంటలంటే 180 నిమిషాలు. ప్రశ్నలు చదివి ఎంచుకోవడానికి అయిదు, చివర్లో సరిచూసుకోవడానికి పది తీసేస్తే ప్రశ్నకి 33 నిమిషాలు. బాగా వచ్చిన ప్రశ్నకి గంట రాసేసి చివరి ప్రశ్నకి పది నిమిషాలు మిగుల్చుకోవడం మనందరికీ అలవాటు. మళ్ళీ శివారు ఎండడమే. 33 నిమిషాలవగానే సగంలో ఉన్నా సరే, కింద జాగా వదిలి తర్వాత ప్రశ్నకి వెళ్ళండి. 14 మార్కుల జవాబులో మొదటి ఎనిమిది మార్కులు తెచ్చుకోవడం తేలిక, చివరి రెండు మార్కులకే ఎక్కువ టైమ్ పోతుంది.

ముందు రాత్రి నిద్ర పోవాలి. ఆరు గంటలకి తగ్గకూడదు. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్ ముందు రాత్రి రెండున్నర దాకా మేలుకున్నాను, హాల్లో ఇంటిగ్రేషన్ గుర్తు చూసి ఒక నిమిషం పాటు అదేంటో తట్టలేదు. పదింటికి పుస్తకం మూసి, హాల్ టికెట్, ఐడీ కార్డు, రెండు పెన్నులు, స్కేలు, కాలిక్యులేటర్ సంచీలో పెట్టి పడుకోండి. పొద్దున్న కొత్తది ముట్టుకోవద్దు. ఎర్ర పెన్ను కాగితాలు మాత్రం ఒకసారి తిరగేయండి. అమ్మ పెట్టింది తినండి, కడుపులో ఏమీ లేకుండా మూడు గంటలు రాయలేం.

పేపరు రాసి బయటికొచ్చాక గేటు దగ్గర జవాబులు పోల్చుకునే గుంపులో నిలబడకండి. నేను నేరుగా బస్సెక్కేదాన్ని. తిరుగు బస్సులో తప్పుల పుస్తకం తీసి, ఆ రోజు ఏ ప్రశ్న దగ్గర టైమ్ దాటింది, ఏ యూనిట్‌లో తడబడ్డాను, రెండే లైన్లు రాసేదాన్ని. వంతెన వచ్చేసరికి అది మూసేసి, యానాం ఇవతలికి దాటాక తర్వాతి సబ్జెక్టు అయిదో యూనిట్ తీసేదాన్ని.